బాగానే ఉన్నాడని చెప్పాను

భయం వేయలేదా అని అడిగిన ప్రతివాళ్లకీ పదిహేనేళ్లపాటు ఒకటే జవాబు చెప్పాను, అలవాటైపోయిందని. అది పచ్చి అబద్ధం. ఐస్ హాకీ ఆడినన్నాళ్లూ నాకు భయం వేస్తూనే ఉంది. దాన్ని ఎలా దాచుకోవాలో మాత్రం బాగా నేర్చుకున్నాను.

ఆట మానేసి రెండేళ్లు దాటింది. ముప్పై ఐదేళ్లకే రిటైర్మెంట్ ఏమిటని మావాళ్లు నవ్వుతారు. నా మోకాళ్లను అడిగితే అరవై దాటాయని చెబుతాయి. ఈమధ్య అడిలైడ్‌లోని మాసన్ లేక్స్‌లో మన తెలుగు పిల్లలు కొందరు ఐస్ రింక్‌కి వెళ్తున్నారు. వాళ్ల నాన్నలు నన్ను బార్బీలకు, అంటే పెరటి బార్బెక్యూ విందులకు, పిలిచి, చేతిలో ప్లేటు పెట్టి, సలహాలు అడుగుతున్నారు. ఏ స్కేట్లు కొనాలి, ఏ కోచ్ మంచివాడు, ఇది యూనివర్సిటీలో సీటుకేమైనా పనికొస్తుందా అని. అవన్నీ ఎవరైనా చెబుతారు. నేను కొట్టిన గోల్సు, గెలిచిన కప్పులు కూడా ఇక్కడ రాయడం లేదు. డ్రెస్సింగ్ రూములో అందరికీ తెలిసి, బయట ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. అది రాస్తాను.

ఎండ తప్పించుకోబోయి

నాకు తొమ్మిదేళ్లప్పుడు విజయవాడ నుంచి అడిలైడ్ వచ్చాం. నాన్న యూనిలో లెక్చరర్. మొదటి వేసవిలోనే అద్దె ఇంట్లో ఏసీ చెడిపోయింది. బయట నిప్పులు చెరిగే ఎండ. చల్లగా ఉంటుందని నాన్న మమ్మల్ని ఐస్ రింక్‌కి తీసుకెళ్లారు. అమ్మ శాలువా కప్పుకుని కుర్చీలో ముడుచుకు కూర్చుని, "బెజవాడ ఎండలు తట్టుకున్నదాన్ని, ఇక్కడ చలికి పోయేట్టున్నానండీ" అంది. నేను మంచు మీద పడ్డాను, లేచాను, మళ్లీ పడ్డాను. ఇంటికి రానని ఏడ్చాను. అలా మొదలైంది.

పన్నెండేళ్లకు హాకీ స్టిక్ పట్టాను. పంతొమ్మిదేళ్లకు ఉత్తర యూరప్‌లో ఒక చిన్న ఊరి జట్టు జీతమిచ్చి తీసుకుంది. మూడు సీజన్లు అక్కడ ఆడి తిరిగొచ్చి, ఆ తర్వాతంతా అడిలైడ్ జట్టుకే ఆడాను. ఇక్కడ పెద్ద లీగ్‌లో ఆడేవాళ్లకు కూడా వేరే ఉద్యోగం తప్పదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా టెక్నాలజీ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శని ఆదివారాలు మంచు మీద. సోమవారం గడ్డానికి కుట్లతో ఆఫీసుకు వెళ్తే మేనేజరు నా మొహం కాకుండా గోడ చూస్తూ మాట్లాడేవాడు.

నేను డిఫెండర్ని. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల. మంచు మీద ఎగిరెగిరి పడకుండా మ్యాచ్‌కి ముందు దాన్ని ఫ్రీజర్లో పెడతారు. అవతలివాడు దాన్ని గోల్ వైపు బలంకొద్దీ కొట్టినప్పుడు దానికి అడ్డంగా పడుకోవడం నా పని. వాడు స్టిక్ ఎత్తడం కనిపిస్తుంది. అది తగిలేలోపు ఒక్క క్షణం ఉంటుంది. ఆ క్షణంలో ఒళ్లంతా పారిపో పారిపో అంటుంది. ప్రతి మ్యాచ్‌కీ ముందు నేను బాత్రూంలోకి వెళ్లి వాంతి చేసుకునేవాణ్ణి. నీళ్లు పుక్కిలించి బయటికొచ్చి జోకులు వేసేవాణ్ణి. పక్క గదిలో ఇంకొకడు అదే పని చేస్తూ వినిపించేవాడు. ఇద్దరం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

తలుపు మీద కాగితం

నాకున్న బాసులందరిలో ఎక్కువ భయపెట్టినవాడు యూరప్‌లోని కోచ్. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. రోజూ పొద్దున డ్రెస్సింగ్ రూం తలుపు మీద ఒక కాగితం అతికించేవాడు. అందులో పేరుంటే జట్టులో ఉన్నట్టు. లేకపోతే లేనట్టు, అంతే. విదేశీ ఆటగాళ్లకు జట్టులో కొన్ని చోట్లే ఉంటాయి. ఒకడికి దెబ్బ తగిలితే ఆ వారంలోనే ఇంకొకడు రైలు దిగుతాడు.

నా రూమ్మేట్‌కి భుజం జారింది. నాలుగు రోజుల తర్వాత కాగితం మీద వాడి పేరు లేదు. ప్రాక్టీసు అయ్యి నేను గదికి వెళ్లేసరికి వాడి మంచం మీద దుప్పటి కూడా లేదు. ఆ ఖాళీ పరుపు చూస్తూ కూర్చున్నాను. ఆ వారం నాకు వేలు చిట్లింది. ఎవరికీ చెప్పకుండా టేపు చుట్టుకుని ఆడాను. దెబ్బ సంగతి బయటపడితే బతుకు పోతుందన్న పాఠం అక్కడే ఒంటబట్టింది. అది తప్పుడు పాఠమని తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

మొద్దుగా రాసే పరీక్ష

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. తలకు గట్టి దెబ్బ తగిలి మెదడు అదిరితే దాన్ని కంకషన్ అంటారు. రక్తం రాదు, ఎముక విరగదు, బయటికేమీ కనిపించదు. అందుకని సీజన్ మొదట్లోనే ప్రతి ఆటగాడికీ ఒక పరీక్ష పెడతారు. కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు గుర్తుపెట్టుకోవాలి, రంగు మారగానే బటన్ నొక్కాలి. మామూలుగా నీ బుర్ర ఎంత చురుగ్గా ఉంటుందో రాసిపెట్టుకుంటారు. తర్వాత ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెట్టి, పాత మార్కులతో పోల్చి, తగ్గితే ఆడనివ్వరు.

ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, మొదటి పరీక్షే కావాలని చెడగొట్టడం. తెలిసిన బొమ్మ కూడా తెలియనట్టు వదిలేయడం, బటన్ ఒక లిప్తపాటు ఆగి నొక్కడం. మరీ చెడగొడితే కంప్యూటర్ పట్టేస్తుంది, కాబట్టి కొంచెమే. అప్పుడు సీజన్ మధ్యలో నిజంగా బుర్ర మొద్దుబారినా మార్కులు తగ్గినట్టు కనిపించవు. యూరప్‌లో ఒక సీనియర్ ఆటగాడు నాకిది కాఫీ తాగుతూ నేర్పాడు. వాడు నవ్వుతూ చెప్పాడు, నేను నవ్వుతూ విన్నాను.

మ్యాచ్ మధ్యలో పెట్టే చిన్న పరీక్ష వేరే ఉంది. డాక్టరు కొన్ని మాటలు చెప్పి తిరిగి చెప్పమంటారు, నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పమంటారు. ఆ మాటల జాబితాలు కొన్నే ఉంటాయి. నేను అవన్నీ కంఠతా పట్టేశాను. ఎక్కాలు బట్టీ కొట్టించిన బళ్లో చదివినవాడికి ఇదొక లెక్కా? అమ్మకు చెబితే మెచ్చుకునేదేమో, దేనికోసం అన్నది చెప్పకపోతే.

డాక్టర్ ఆంటీ

అడిలైడ్ జట్టుకు డాక్టరు వసుంధర ఆంటీ. కాకినాడ ఆవిడ. చాలా ఏళ్లు టూవూంబా అనే ఊళ్లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, చేసి మాసన్ లేక్స్ వచ్చారు. జీతం లేని పని, ఎవరూ ముందుకు రాకపోతే ఆవిడ వచ్చారు. మోకాళ్ల దాకా కోటు, తలకు మంకీ క్యాప్, చేతిలో ఫ్లాస్కు, అలా మా బెంచీ వెనకాల నిలబడేవారు. ఆటగాళ్లందరూ ఆవిణ్ణి డాక్ అనేవాళ్లు. నేనొక్కణ్ణే ఆంటీ అనేవాణ్ణి.

నాకు ఇరవై తొమ్మిదేళ్లప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌లో తల వెళ్లి రింక్ చుట్టూ ఉండే గోడకు కొట్టుకుంది. లేచి నా అంతట నేనే బెంచీకి వచ్చాను. దీపాలన్నీ రెండేసి కనిపిస్తున్నాయి. ఆంటీ ఇంగ్లిష్‌లో మాటలు చెప్పారు, గడగడా అప్పజెప్పాను. నెలలు వెనక్కి చెప్పమన్నారు, ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. హెల్మెట్ కోసం చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు. నా మొహంలోకి చూస్తూ తెలుగులోకి మారిపోయారు.

"ఒరేయ్ ఫణీ, ఆదివారం నుంచి వారాలు వెనక్కి చెప్పు."

"ఆదివారం, శనివారం, శుక్రవారం..." అని ఆగిపోయాను. తర్వాతేమిటో తెలియలేదు. నోరు తెరిచి ఉంది, లోపల ఏమీ లేదు. శుక్రవారం వెనకాల ఏముందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఆ క్షణంలో తెలియదు. షాట్‌కు అడ్డంగా పడుకున్నప్పటి భయం దీని ముందు ఏపాటిది!

"చాల్లే నాన్నా, కూర్చో. ఆ ఇంగ్లిష్ లిస్టులు నువ్వు బైహార్ట్ చేశావని నాకు ఎప్పణ్ణించో డౌటే" అన్నారు ఆంటీ. ఆటగాడు దొంగచాటుగా మళ్లీ మంచు మీదకు వెళ్లకుండా డాక్టర్లు హెల్మెట్ లాగేసుకోవడం మా ఆటలో మామూలే. ఆవిడ నా హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని మ్యాచ్ అయ్యేదాకా అలాగే కూర్చున్నారు.

రెండు నెలలు కర్టెన్లు వేసిన గదిలో పడున్నాను. వెలుతురు చూస్తే కళ్లు సలిపేవి. అమ్మ గిన్నె కింద పెట్టినా తలలో మోగేది. రోజూ నిద్ర లేవగానే అందరి పేర్లు ఒకసారి మనసులో అనుకునేవాణ్ణి, ఏ పేరైనా పోయిందేమోనని.

బుద్ధి వచ్చుండాలి కదా? రాలేదు. తర్వాతి సీజన్‌లో మొదటి పరీక్ష మళ్లీ కావాలనే చెడగొట్టాను. అది చాలక స్నానం చేస్తూ వారాలు వెనక్కి వల్లించాను. చైత్ర వైశాఖాలు కూడా ఫాల్గుణం నుంచి వెనక్కి నేర్చుకున్నాను, ఆంటీ అవి అడుగుతారేమోనని. తల పోతుందన్న భయం కంటే జట్టులో చోటు పోతుందన్న భయమే నాకెప్పుడూ ఎక్కువ. ఈ ఉద్యోగం గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే అదే చెబుతాను.

మెల్బోర్న్‌లో ఆదివారం

లూక్ మా జట్టులో ఫార్వర్డ్. నా ఆఖరి సీజన్‌కు అతనికి ఇరవై మూడేళ్లు, వారంలో ఎలక్ట్రీషియన్ పని. నాకంటే బాగా ఆడేవాడు. యూరప్‌లో ఒక జట్టు అతణ్ణి సెప్టెంబరులో ట్రయల్‌కు రమ్మంది. సీజన్ మొదటి పరీక్షకు ఇద్దరం నా కారులో వెళ్తున్నాం.

"ఈ ఏడు ఒక్క మ్యాచ్ కూడా మిస్ అవ్వకూడదు మేట్" అన్నాడు.

"అయితే పరీక్ష మరీ బాగా రాయకు" అన్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎన్ని బొమ్మలు వదలాలో, బటన్ ఎంత ఆగి నొక్కాలో చెప్పాను. మాటల జాబితాలు కూడా ఇస్తానన్నాను. సీనియర్‌గా మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

జులైలో మెల్బోర్న్‌లో మ్యాచ్. ఆంటీ వాళ్ల అమ్మాయి ఆ ఊరి శివార్లలోనే, క్లైడ్ నార్త్‌లో ఉంటుంది. అమ్మాయిని చూసినట్టూ ఉంటుందని ఆవిడ కూడా వచ్చారు. రెండో భాగంలో లూక్ తల మోచేతి దెబ్బకు వెనక్కి విరిగినట్టు ఊగింది. మోకాళ్ల మీద లేచి నవ్వాడు. బెంచీకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా నీళ్ల సీసా తీసుకుని మూత తీయకుండా నోట్లో పెట్టుకుని పీల్చాడు. రెండుసార్లు. అది నేనొక్కణ్ణే చూశాను.

ఆంటీ వచ్చి మాటలు అడిగారు, చెప్పాడు. నెలలు వెనక్కి చెప్పాడు. ఆ మాటలు నేనిచ్చినవే కదా. నడిపించారు, నిలబెట్టారు. ఆవిడ ముఖంలో అనుమానం పోలేదు. లూక్‌కి తెలుగు రాదు కాబట్టి నా మీద వేసిన ఎత్తు అతని మీద పారదు. ఒక చేత్తో అతని హెల్మెట్ పట్టుకుని నా వైపు వంగి, ఇంకెవరికీ అర్థం కాకుండా అడిగారు.

"ఫణీ, నువ్వు రోజూ చూస్తావ్ కదరా వీణ్ణి. నిజం చెప్పు. బాగానే ఉన్నాడా?"

ఇలాంటిది వింటే అందరూ కోచ్‌ని అనుమానిస్తారు. మా కోచ్ ఒక్క మాట అనలేదు, అటు తిరిగి ఆట చూస్తున్నాడు. నన్నెవరూ బలవంతం చేయలేదు. బాగా లేడని చెబితే ట్రయల్ పోతుంది. ఆరా తీస్తే కంప్యూటర్ పరీక్ష సంగతి బయటికొస్తుంది, నేర్పింది నేనని తెలుస్తుంది. లూక్ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. భాష తెలియకపోయినా ఏం అడిగారో అతనికి తెలుసు.

"బాగానే ఉన్నాడు ఆంటీ" అన్నాను.

ఆవిడ హెల్మెట్ ఇచ్చేశారు.

తర్వాత తగిలింది పెద్ద దెబ్బేమీ కాదు. ప్రాక్టీసులో రోజుకు పదిసార్లు తగిలేలాంటిది, భుజానికి భుజం. అప్పటికే అదిరిన మెదడుకు అదే ఎక్కువైంది. లూక్ నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడు. చేతులు బిగుసుకుపోయాయి. రింక్‌లో పాట ఆపేశారు. ఆంటీ మామూలు బూట్లతోనే మంచు మీదకు పరుగెత్తి జారి పడి, లేవకుండా మోకాళ్ల మీదే పాక్కుంటూ అతని దగ్గరికి వెళ్లారు. నేను బెంచీ మీదే ఉండిపోయాను.

ఆసుపత్రి వరండాలో ఆంటీకి అంతా చెప్పేశాను, కారులో చెప్పిన దగ్గర్నుంచి నీళ్ల సీసా దాకా. ఆవిడ క్యాప్ తీసి చేతిలో నలుపుతూ కూర్చున్నారు.

"డౌట్ వచ్చినప్పుడు కూర్చోబెట్టేయాలి. నిన్ను అడగడం నా తప్పు. ఆ మిస్టేక్ నాదే, నా రిపోర్టులో అలాగే రాస్తాను" అన్నారు చివరికి. క్యాప్ ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగారు. "కానీ ఏరా, తెలుగులో అడిగితే నువ్వు అబద్ధం చెబుతావని నాకు తోచనైనా లేదురా."

ఇన్నేళ్లలో నన్ను ఎంతోమంది తిట్టారు. ఒక్క తిట్టూ అంత గట్టిగా తగల్లేదు. ఆ సీజన్‌తో నేను ఆట మానేశాను.

ఇప్పుడు ఆడబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మొదటి పరీక్ష నిజంగా రాయండి. మీ పక్కవాడు మూత తీయకుండా నీళ్లు తాగితే అందరికీ వినిపించేలా అరిచి చెప్పండి. వాడు నెల రోజులు మీతో మాట్లాడడు. మాట్లాడకపోనీండి.

ఇంగ్లిష్‌లో

లూక్ బతికాడు. అడిలైడ్ ఉత్తరాన వాళ్లమ్మ జూలీ దగ్గర ఉంటాడు. నిచ్చెన ఎక్కలేడు, వైర్ల పని చేయలేడు. పాతవి గుర్తుంటాయి, కొత్తవి నిలవవు. ఫ్రిజ్ నిండా చీటీలు. ఆ ఏడాది మార్చి నుంచి జులై దాకా జరిగినదేదీ అతనికి గుర్తులేదు. నా కారు, సిగ్నల్, నా మాటలు అన్నీ అందులోనే పోయాయి. ఆంటీ రిపోర్టులో తన తప్పే రాశారు, నా పేరు రాయలేదు. లూక్‌కి నేనే వెళ్లి చెప్పుకుంటానని ఆవిడకు మాటిచ్చాను. రెండున్నరేళ్లు చెప్పలేదు. పదిహేను రోజులకోసారి వెళ్లేవాణ్ణి. జూలీ టీ ఇచ్చి, "నువ్వొక్కడివే మిగిలావు, మంచి స్నేహితుడివి" అనేది.

ఇక్కడిదాకా రాసి పోయిన నెల ఆంటీకి చూపించాను. అద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు.

"బానే రాశావ్. తెలుగులో రాశావేం?"

"మనవాళ్ల పిల్లల కోసం ఆంటీ."

"లూక్ చదవలేడనా?"

ఆవిడ కాగితాలు నా చేతిలో పెట్టి కారు తాళాలు తీసుకున్నారు. "నడు, నేను డ్రైవ్ చేస్తా. ఈరోజు మధ్యాహ్నం నాకు క్లినిక్ లేదు" అన్నారు. లూక్ ఇంటి ముందు కారు ఆపారు. ఆంటీ కారులోనే ఉండిపోయారు.

లూక్ వరండాలో కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని ఇంగ్లిష్‌లో చెప్పాను. పరీక్ష చెడగొట్టమన్నది నేను. మాటలిచ్చింది నేను. నువ్వు బాగా లేవని తెలిసి బాగానే ఉన్నావని చెప్పింది నేను. అతను చివరిదాకా నేల చూస్తూ విన్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

లేచి తలుపు తీసి, "అమ్మా, ఒకసారి ఇటు రా" అని పిలిచాడు. జూలీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మళ్లీ మొదటి నుంచి చెప్పు" అన్నాడు నాతో. "రేపటికి నాకు గుర్తుండదు. అమ్మకు ఉంటుంది."

ఆమె నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను.